విజయనగరపు ఫిడేలు - కెంటకీ మాండొలిన్

కొంతకాలము క్రిందట శ్రీకాకుళము నుండి ఒక యువకుడు మా యింటికి వచ్చి, చంకనున్న పెట్టె విప్పి, ఎనిమిది తీగల మాండొలిన్ నొకదానిని మా ముందుంచెను. అమెరికా దేశపు పల్లెసీమలలో పుట్టిన బ్లూగ్రాస్ అను సంగీతమును ఆతడు విని విని దానికి వశుడైనాడు. గిటారు కొంత వచ్చును. మాండొలిన్ నేర్చుకొనవలెనని తహతహ. "మేష్టారూ, ఫిడేలుకైతే మనకి విజయనగరం ఉంది. దీనికి గురువు ఎక్కడ దొరుకుతాడండీ?" అని ఆతని ప్రశ్న.

"ఈ చుట్టుప్రక్కల దొరకడు నాయనా" అని చెప్పి పంపివేయుట సులభమే. కాని ఆ ప్రశ్న వినగానే మాకు వేరొక ప్రశ్న తోచినది. ఫిడేలునకు మాత్రము మన దేశమున మొదటి గురువెవరు?

ఫిడేలు మన కొయ్య కాదు. అది తెల్లవారితోపాటు ఓడలలో వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) మణలి మొదలియారుల ఆశ్రయమున చెన్నపట్టణమున ఉన్నప్పుడు, ఒక యూరోపియన్ వాదకుని వద్ద మూడేండ్లు దీనిని అభ్యసించెను. ఆ దొర ఆయనకు కమాను పట్టును, వ్రేళ్ల ఉనికిని చూపియుండును. తోడియు భైరవియు ఆ దొరకు తెలియవు. రాగమంతయు బాలుస్వామి తన యింటినుండి, అన్నగారి గానము నుండి తెచ్చుకొనినదే. అనగా మన ఫిడేలునకు పుట్టుకతోనే ఇద్దరు గురువులు: కొయ్యకు ఒకరు, పాటకు ఒకరు. కొయ్య నేర్పు పరదేశి గురువుతో తరువాతి తరముల వారికి పనిలేకపోయెను. పాట నేర్పు గురువు లేనిదే ఎన్నడును గడవలేదు.

వాద్యము కూడ మన యింట ఒదుగుటకు తన నడవడి మార్చుకొనవలసివచ్చెను. పాశ్చాత్యులు ఫిడేలును గడ్డము క్రింద నొక్కిపట్టి, తరచు నిలువబడియే వాయింతురు. మనవారు బాసింపట్టు వేసికొని కూర్చుండి, దాని తలను కుడి చీలమండపై ఆనించి, రెండవ కొనను ఎడమ రొమ్మునకు చేర్చుకొనిరి. దీనివలన ఎడమచేతికి కొయ్యను మోయు పని తప్పెను. వ్రేళ్లు తీగపై మీదికిని క్రిందికిని జారుటకు స్వేచ్ఛ కలిగెను. మన గమకమునకు ఆ స్వేచ్ఛయే ప్రాణము. శ్రుతియు మారెను. వారి నాలుగు తీగలు ఒకదానిపై నొకటి పంచమ దూరమున మెట్లెక్కుచు పోవును. మనవారు వానిని షడ్జము, పంచమము, మరల షడ్జము, పంచమము అని రెండు జంటలుగా దించి, గాయకుని గొంతునకు సరిపెట్టిరి. ఈ మార్పులు ఒకనాడు ఎవరో శాసించినవి కావు. పాడువాని ప్రక్కన కూర్చుండి వాయించుటలో అవసరము నేర్పినవి.

ఇక విజయనగరమునకు వత్తము. ఆ సంస్థానము వీణకు పేరుపడినది. దగ్గరనే బొబ్బిలి సీమలో గొల్లపల్లి పనివారు ఒకే పనసదుంగను తొలిచి వీణలు చేయుదురు. ఆ వీణకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అట్టి సీమలో 1919లో విజయరామ గజపతి మహారాజు సంగీత పాఠశాలను నెలకొల్పిరి. సంస్థానమున కొలువుండిన యొకరి కుమారుడు అంధుడనియు, ఆ బాలునకు సంగీతముపై గల మక్కువ చూచి మహారాజునకు ఈ సంకల్పము కలిగెననియు విజయనగరమున నేటికిని చెప్పుకొందురు. చూపులేని బిడ్డ కొరకు చెవికి ఒక బడి. ఇంతకంటె తగిన ఆరంభము సంగీత పాఠశాలకు ఉండదని మాకు తోచును.

తొలి అధ్యక్షులు హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ యేడే ఫిడేలు పీఠమునకు వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1893లో దీపావళినాడు బెంగుళూరున పుట్టి విశాఖపట్టణమున పెరిగినవారు. తండ్రి సైన్యమున ఉద్యోగి. చూపు మందమగుటచే నాయుడుగారి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారే ఫిడేలు నేర్పిరి. విజయనగరమునకు విద్యార్థిగా చేరుదమని వచ్చిన ఈ ఇరువదియారేండ్ల యువకుని చేతివాటము చూచి, దాసుగారు ఉపాధ్యాయునిగానే కూర్చుండబెట్టిరని చెప్పుదురు. 1936లో దాసుగారి పిమ్మట అధ్యక్ష పదవియు ఆయనకే దక్కెను. అప్పటినుండి మన జిల్లాలలో "ఫిడేలు నాయుడుగారు" అన్నచో వేరే పేరు చెప్పనక్కర లేకపోయెను.

నాయుడుగారి వాదనమున విశేషము రెండు మూలముల నుండి వచ్చినది. ఒకటి గానము. మన పద్ధతిలో ఫిడేలు విద్యార్థి మొదట నోటితో సరళీస్వరములు, జంటవరుసలు, అలంకారములు పాడవలెను. గీతము, వర్ణము, కృతి అను మెట్లు ఎక్కునప్పుడు సాహిత్యము కూడ నోటికి రావలెను. కమాను ఎక్కడ తిరుగవలెనో సాహిత్యాక్షరము చెప్పును. సాహిత్యము తెలియనివాడు మాట నడుమ విరిచి, శ్రోత ప్రాణమును విసిగించును. రెండవ మూలము కొందరికి ఆశ్చర్యము కలిగింపవచ్చును. నాయుడుగారు పాశ్చాత్య వాయులీన విద్వాంసుల గ్రామఫోను పళ్లెములను శ్రద్ధగా వినెడివారు. రాగములకు వారినుండి గ్రహింపదగినది లేదు. కమానునకు ఉన్నది. పొడవైన కమాను, తీగనుండి నలుగకుండ వచ్చు నాదము, బిగువుననే మెత్తదనము వారు అక్కడినుండి గ్రహించిరి. 1952లో యెహూదీ మెన్యూహిన్ మన దేశమునకు వచ్చినప్పుడు చెన్నపట్టణమున రాజమన్నారు గారి యింట నాయుడుగారి వాదనమును వినెను. పడమటినుండి మనము తెచ్చుకొనిన కొయ్య, పడమటివానికే క్రొత్త భాషలో బదులు చెప్పిన ముహూర్తమది.

ఈ సందర్భమున తీగల లెక్కను గూర్చి ఒక మాట చెప్పవలెను. మైకులు లేని కాలమున పెద్ద సభలో ఫిడేలు వినబడుటయే కష్టము. మైసూరు చౌడయ్య గారు దీనికొక ఉపాయము పన్ని, కొన్ని తీగలకు జతలు చేర్చి ఏడు తీగల ఫిడేలును పట్టిరి. ద్వారం వారు నాలుగింటితోనే నిలిచిరి. బిగ్గరతనము కంటె నాదశుద్ధిని కోరుకొనిరి. మేము ఈ విషయమున నాయుడుగారి పక్షము. చౌడయ్య గారి అభిమానులు మన్నింతురు గాక. 1938లో వేలూరున నాయుడుగారు గాయకుడు లేకుండ ఫిడేలునే ముందుంచి కచేరి చేసిరి. ప్రక్కన కూర్చుండు వాద్యము నడిమికి వచ్చినది. 1941లో చెన్నపట్టణపు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుదము నిచ్చెను. 1957లో పద్మశ్రీ లభించెను. 1964 నవంబరులో ఆయన కీర్తిశేషులైరి. 1948లో విజయవాడ రేడియో కేంద్రమును, 1963లో విశాఖ కేంద్రమును వెలసిన పిమ్మట, సభకు పోలేని యిండ్లకును విజయనగరపు బాణీ చేరెను. మధూకరమెత్తి ఆ ఊర చదివిన ఘంటసాల గారి గొంతును, అక్కడనే డిప్లొమా పొందిన సుశీల గారి గొంతును ఎరుగని తెలుగు ఇల్లు లేదు గదా.

ఇప్పుడు మా యువకుని మాండొలిన్ దగ్గరకు పోవుటకు సముద్రములు దాటవలసియున్నది. విజయనగరమున పాఠశాల తెరచిన యేట, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున రోజీన్ అను పల్లెయొద్ద బిల్ మన్రో అను బాలునకు ఎనిమిదవ యేడు నడచుచుండెను. 1911లో ఎనిమిదిమంది సంతానములో కడగొట్టువాడుగా పుట్టినాడు. ఆతనికిని చూపు చక్కగా లేదు. కన్ను లోనికి తిరిగియుండుటచే నలుగురిలోనికి వచ్చుటకు సిగ్గుపడి, చెవినే ఆధారము చేసికొనినాడు. అన్నలలో ఒకడు ఫిడేలును, ఒకడు గిటారును ముందుగనే చేజిక్కించుకొనిరి. చిన్నవానికి మిగిలినది మాండొలిన్. అదియు పూర్తిగా కాదు. వీడు గోల చేయునని అన్నలు ఎనిమిది తీగలలో నాలుగు తీయించిరట! చౌడయ్య గారు బిగ్గరతనము కొరకు తీగలు చేర్చిరి. మన్రో అన్నలు బిగ్గరతనమునకు జడిసి తీసివేసిరి.

మాండొలిన్ ఇటలీలోని నేపుల్స్ నగరమున పదునెనిమిదవ శతాబ్దిలో ఈ రూపమునకు వచ్చిన వాద్యము. నాలుగు జతల తీగలు. ప్రతి జతలోని రెండును ఒకే స్వరము. శ్రుతి సరిగా ఫిడేలు శ్రుతియే. అందుచేత ఫిడేలు పాట ఎరిగిన వ్రేళ్లు మాండొలిన్ పై వెదకులాడ నక్కరలేదు. మన్రోకు ఇది కలిసివచ్చినది. పదేండ్ల ప్రాయమున తల్లిని, పదునారేండ్లకు తండ్రిని కోల్పోయిన ఆ బాలుని చేరదీసిన మేనమామ పెన్ వాండివర్, పల్లె నృత్యములకు ఫిడేలు వాయించువాడు. పిల్లవాడు మామకు తోడుగా గిటారు కొట్టుచు, మామ కమాను పలికిన పాటలను మనసున నిలుపుకొని, వానిని మాండొలిన్ పై మీటి చూచుకొనెను. ఆర్నాల్డ్ షుల్జ్ అను నీగ్రో వాదకుని గిటారు నుండి కూడ ఆతడు చాల గ్రహించెను. మాండొలిన్ గురువన్నవాడు ఆతనికిని లేడు. ఫిడేలు గురువు, గిటారు గురువు ఉండిరి. వారిద్దరి పాటయు కలిసి మాండొలిన్ అయినది.

1939లో మన్రో తన బృందమునకు, స్వరాష్ట్రపు మారుపేరు తలచి, "బ్లూ గ్రాస్ బాయ్స్" అని పేరిడెను. ఆ యేడే నాష్‌విల్ రేడియోలో శనివారపు రాత్రులు ప్రసారమగు గ్రాండ్ ఓల్ ఓప్రీ కార్యక్రమమున చేరెను. బృందము పేరే పిమ్మట ఆ సంగీతమునకు పేరైనది. 1945 చివర ఎర్ల్ స్క్రగ్స్ మూడు వ్రేళ్ల బాంజోతో వచ్చి చేరుటతో ఆ బాణీ నిండుకొనెను. ఆ కాలమున బృందమంతటికి తరచు ఒకటే మైకు. ఎవరి వంతు వచ్చిన వారు ముందుకు జరిగి వాయించి, వెనుకకు తప్పుకొనవలెను. రేడియో యింట కూర్చుండి వినువానికి ఈ కదలిక కనబడదు. కాని పాటలో వంతుల వరుస దానినిబట్టి యేర్పడినదే.

నేర్చుకొను వారికి పనికివచ్చు సంగతి ఒకటి ఇక్కడ కలదు. ఆ బృందములో మద్దెల లేదు. దాని పనిని తీగలే పంచుకొనును. గిటారు ముందు మంద్రతంత్రిని మీటి, పిమ్మట మిగిలిన తీగలను ఒక్కమారు గీయును. ఆ రెండవ వేటుపై మాండొలిన్ తీగలను పట్టి, మ్రోయనీయక వెంటనే అణచివేయును. అది కత్తిపీటపై ముక్క తెగినట్లు ఠక్కున పలుకును. పాట పాదము ముగియునప్పుడు గిటారు చిన్న స్వరవరుస నొకదానిని విసరి తరువాతి పాదమునకు దారి చూపును. లెస్టర్ ఫ్లాట్ వాయింపుతో ప్రసిద్ధికెక్కిన ఈ వరుసను జి-రన్ అందురు. మన మృదంగ విద్వాంసుని ముక్తాయింపునకు తమ్ముడని చెప్పవచ్చును. నేర్చువారలు ఎక్కువమంది వేగముగా స్వరములు దొర్లించుటకే తొందరపడుదురు. బృందములో మాండొలిన్ పట్టినవాడు అధికకాలము చేయునది ఈ ఠక్కను పనియే.

గిటారు మాట చెప్పునప్పుడు డాక్ వాట్సన్ ను విడువరాదు. నార్త్ కరోలినాలో 1923లో పుట్టి, తొలియేడు నిండకుండనే చూపు పోగొట్టుకొనినవాడు. 1950ల ప్రాంతమున ఆయన వాయించుచుండిన నృత్యబృందమున ఫిడేలు వాదకుడు లేడు. జనము ఫిడేలు పాటలే కావలెననిరి. ఆయన ఆ పాటలను గిటారుపై చిన్న బిళ్లతో మీటి వినిపించెను. తోడు వాయించు గిటారు పాట పలుకు గిటారైనది. వేలూరి కచేరి మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.

అయినను ఈ పోలికలను ఇంతకుమించి సాగదీయరాదు. బ్లూగ్రాస్ సంగీతము స్వరసమ్మేళనముల మీద నడచును. మూడు స్వరములు ఒక్కమారు పలికి, ఒక గుంపునుండి మరియొక గుంపునకు మారుచుండుటయే దాని నడక. మన రాగమునకు ఆ గుంపులతో పనిలేదు. మనకు ఒక్క స్వరమే చాలును. కాని ఆ స్వరము కదలవలెను. మెట్లున్న వాద్యమునకు ఈ కదలికయే గండము. వీణ ఈ గండమును గడచినది. మైనముపై నిలిపిన మెట్ల మీద తీగను ప్రక్కకు లాగి రెండు మూడు స్వరములు పలికింపవచ్చును. నాదమును కొంతసేపు నిలుచును. మాండొలిన్ తీగలు పొట్టివి, బిగువైనవి, జతలుగా ఉండునవి. మీటినంతనే నాదము చచ్చును. దానిపై కర్ణాటక సంగీతమా అని పెద్దలు పెదవి విరిచినచో అది వట్టి చాదస్తము కాదు.

ఆ పెదవి విరుపునకు జవాబు మన సీమనుండి రాలేదు. గోదావరి పడమటి వైపునుండి వచ్చినది. పాలకొల్లున 1969 ఫిబ్రవరి 28న పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, అయిదారేండ్ల ప్రాయముననే తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ ను చేతబట్టెను. తండ్రి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లవాని చేయి చూచి పాఠము చెప్ప పూనుకొనిరి. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు. మాండొలిన్ వాయించుట ఆయనకు రాదు! ఆయన పాడుదురు, పిల్లవాడు ఆ పాటను తీగలపై వెదకి పట్టుకొనును. ఏ వ్రేలు ఎక్కడ నుంచవలెనో చెప్పువారు లేరు. కర్ణాటక బాణీలో ముందు వాయించి దారి తీసినవారును లేరు. బాలుస్వామి దీక్షితులకైనను కొయ్యకు గురువుండెను. ఈ బాలునకు పాట గురువే సమస్తము. వాసూరావు గారి వలన పాశ్చాత్య సంగీత పరిచయమును చిన్ననాడే కలిగెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున, తొమ్మిదేండ్ల బాలుడు పూర్తి కచేరి చేసెను.

వాద్యము మరల నడవడి మార్చుకొనెను. శ్రీనివాస్ జతలను విడదీసి ఒంటితీగలు కట్టెను. నాలుగు చాలక అయిదవది చేర్చెను. ఒంటితీగ వ్రేలికి లొంగును, లాగినచో వంగును. మ్రోత తగ్గునన్న బెంగ లేదు, ఏలయన ఆయనది విద్యుత్ మాండొలిన్. నాదము చచ్చునన్న లోపమునకును విద్యుత్తే మందైనది. మన్రో అన్నలు గోల తగ్గించుటకు చేసిన పనినే శ్రీనివాస్ గమకము కొరకు చేసెను. శ్రుతిని కూడ మన ఫిడేలు వలెనే షడ్జ పంచమములకు దించుకొనెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున పదునాలుగేండ్ల శ్రీనివాస్ వాదనము యూరప్ శ్రోతలను ముగ్ధులను చేసినది. 1998లో పద్మశ్రీ వచ్చినది. పిమ్మట జాన్ మెక్‌లాఫ్లిన్ బృందమైన రిమెంబర్ శక్తిలో ఆ గిటారు ప్రక్కన సమానముగా కూర్చుండెను. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదేండ్లకే, చెన్నైలో కన్ను మూసెను. తమ్ముడు రాజేష్ కూడ ఆ వాద్యమునే పట్టినవాడు.

బ్లూగ్రాస్ వాదకులును మన వారును నేరుగా కలసికొనిన సందర్భము కూడ ఒకటి చెప్పదగియున్నది. ఒడిలో పరుండబెట్టి తీగపై కడ్డీ జార్చి వాయించు గిటారును హిందూస్తానీ రాగములకు మలచిన విశ్వమోహన్ భట్, బ్లూగ్రాస్ లో అట్టి జారుడు గిటారునకు పేరొందిన జెర్రీ డగ్లస్ తో కలసి 1995లో ఒక రికార్డు వెలువరించెను. మెట్లను కడ్డీతో దాటిపోవు ఆ పద్ధతిలో గమకమునకు అడ్డులేదు. అందువలననే వారిద్దరి నడుమ మాట త్వరగా కలిసినదని మేమనుకొందుము.

ఇదంతయు మా శ్రీకాకుళపు యువకునకు ఒక్క సాయంకాలములో చెప్పినది కాదు. రెండు మూడు ఆదివారములు పట్టినది. మొదట ఆతడు కొంత నిరాశపడెను. బ్లూగ్రాస్ అడుగ వచ్చినచో సరళీస్వరములు పాడుమనుచున్నామని ఆతని బాధ. మేము చెప్పినది ఇంతే: మన్రో పాటలు వాయింపదలచినచో వానినే ముందు నోట పాడుము, మేనమామ ఫిడేలు మన్రోకు ఎట్లో, నీకు రికార్డు అట్లు. ఠక్కను దెబ్బకు తోడుగా గిటారు వాయించు మిత్రుని నొకనిని వెదకికొనుము, ఏలయన అది ఒంటరిగా అబ్బదు. రాగము కూడ కావలెనన్నచో విజయనగరమున గాత్రమో ఫిడేలో నేర్పువారి వద్దకు పొమ్ము; మాండొలిన్ వారికి రాకపోయినను చింత లేదు.

ఆతడు పోయినాడు. వారమునకు రెండు దినములు బస్సెక్కి ఒక గాత్ర విద్వాంసురాలి వద్ద పాఠము చెప్పించుకొనుచున్నాడు. ఇప్పుడు మాయామాళవగౌళలో జంటవరుసలు నడచుచున్నవి. శ్రుతి విషయమున ఇంకను తేల్చుకొనలేదు: ఫిడేలు శ్రుతి నుంచినచో మన్రో పాట సుఖముగా వచ్చును, షడ్జ పంచమములకు దించినచో వర్ణము సుఖముగా వచ్చును. కావున రెండవ మాండొలిన్ నొకదానిని కొనవలెనని ఇంట పోరు పెట్టినాడట. జత తీగలు విప్పుటకు మాత్రము ఇంకను మనసొప్పలేదు.